దొరకనిదానికే ధర

మన పత్రికకి బ్యాంకు విషయాలు ఏవైనా రాయమని సంపాదకవర్గం వారు ఏడాదిగా అడుగుతున్నారు. వడ్డీరేట్ల మీద రాస్తే మా ఇంట్లోవాళ్ళే చదవరు. అందుచేత ఈమధ్య వర్తూరులో మా అపార్టుమెంటు పార్కు బెంచీల మీద తరచుగా వినపడుతున్న ఒక వ్యాపారం గురించి రాస్తున్నాను. కొద్దిపాటిగా తయారుచేసి అమ్మే వస్తువుల వ్యాపారం. కత్తులు, వాచీలు, నాణేలు. ఇవి వాడుకోవడానికి కాదు, దాచుకోవడానికి.

కత్తులంటే కంగారు పడకండి. జేబులో పట్టే మడత చాకులు. వైట్‌ఫీల్డులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడి దగ్గర ఇలాంటివి ఆరున్నాయి. ఒకరోజు మా ఇంటికొచ్చినప్పుడు బల్లమీద పెడితే, నేను అందులో ఒకటి తీసి యాపిల్ కొయ్యబోయాను. "మామా, మామా, దాంతో కొయ్యగూడదు, ధర పడిపోతుంది" అని చెయ్యి పట్టుకున్నాడు. కొయ్యడానికి పనికిరాని కత్తి ఎందుకురా అంటే వాడు చెప్పిన లెక్క వినదగినదే. దాన్ని చేసినవాళ్ళు ఆ రకం కొన్ని వందలే చేశారట. ఒక్కొక్కదాని మీద అంకె చెక్కారట. అమ్మకానికి పెట్టిన కాసేపటికే అయిపోయాయట. ఇప్పుడు కావలసినవాడు, కొన్నవాడి దగ్గర రెట్టింపు ఇచ్చి కొనుక్కోవలసిందే.

మన తరంవాళ్ళకి ఇది కొత్త సంగతేమీ కాదు. సినిమా హాలు దగ్గర బ్లాకు టిక్కెట్టు కొనని తెలుగువాడెవరు? హాల్లో కుర్చీలు ఇన్నని లెక్క. మొదటిరోజు మొదటి ఆట ఒక్కటే. బయట జనం వేలల్లో. మా బి.కాం. పాఠ్యపుస్తకంలో సరఫరా గీత ఏటవాలుగా పైకి పోతుంది, అంటే ధర పెరిగితే సరుకు కూడా పెరుగుతుందని అర్థం. కాని హాల్లో కుర్చీలు ధర పెరిగిందని పెరగవు కదా! అక్కడ సరఫరా గీత నిట్టనిలువు గోడ. గిరాకీ ఎంత పెరిగితే అంతా ధరలోకే పోతుంది. ఆ తేడా హాలు యజమానికి పోదు, గేటు బయట నిలబడి "పదికి ఇరవై" అని గొణిగే కుర్రాడికి పోతుంది.

మరి తయారుచేసేవాడు తానే ధర పెంచుకోవచ్చు కదా అని మీరడగవచ్చు. నేనూ అదే అడిగాను. పెంచడు. క్యూ ఉన్నంతకాలం ఆ క్యూయే అతనికి ప్రకటన. క్యూ పోయిననాడు, పేపర్లో ఎంత పెద్ద ప్రకటన వేసినా ఆ పేరు రాదు. పైగా ఏళ్ళతరబడి కొంటున్న వాడుకదార్లు నొచ్చుకుంటారు. అందుకే అమెరికాలో అట్లాంటా నగరంలో ఏటా జరిగే కత్తుల ప్రదర్శనలో పేరున్న పనివాళ్ళు కొందరు చీటీలు తీస్తారు. కావలసినవాళ్ళు పేరు రాసి డబ్బాలో వెయ్యాలి. చీటీ వచ్చినవాడికి ఆ కత్తి అసలు ధరకే కొనుక్కునే హక్కు మాత్రం వస్తుంది, డబ్బు మామూలుగానే కట్టాలి. కొన్నవాడు హాలు దాటకముందే దాన్ని లాభానికి అమ్మెయ్యడమూ మామూలేనట.

పెద్ద కంపెనీలదీ ఇదే దారి. 1884లో కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన స్విట్జర్లాండులో కత్తుల దుకాణం తెరిచాడు. అదే నేటి విక్టోరినాక్స్. ఎర్రపిడి జేబుకత్తి కోట్లలో అమ్మే ఆ కంపెనీ కూడా ఏటేటా ఒక కొత్త రంగు తీసి, ఆ ఏడాదితో ఆ రంగు సరి అంటుంది. చాకు అదే, ఉక్కు అదే. తేడా రంగులోనూ, ఆ ‘సరి’ అన్నమాటలోనూ ఉంది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఖరీదైన ఈ కత్తుల్లో డమాస్కస్ ఉక్కువని కొన్ని ఉంటాయి, అలుకుముగ్గులా గీతలు గీతలుగా మెరుస్తాయి. ఇప్పటివి రెండు రకాల ఉక్కును పొరలుగా పేర్చి, కాల్చి, సాగగొట్టి, ఆమ్లంలో ముంచి తీసినవి. కాని ఆ పేరు సంపాదించిపెట్టిన పాత ఖడ్గాల ఉక్కు మన దక్షిణాదిది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించి చేసిన ఉక్కు ముద్దలకోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారని, 1820 ప్రాంతంలో ఆ ఊరు చూసిన డాక్టర్ వాయిసీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు రాసిపెట్టాడు. ఉక్కు అన్న మన మాటే వాళ్ళ నోట ‘వూట్జ్’ అయిందని పండితులు చెబుతారు. మా మేనల్లుడికి ఈ సంగతి చెబితే కోనసముద్రం ఎక్కడుంది మామా అన్నాడు!

కత్తులు కుర్రకారు సరదా. మన బెంగుళూరుకి దగ్గరది వాచీల కథ.

హిందుస్థాన్ మెషిన్ టూల్స్ 1953లో జాలహళ్ళిలో పుట్టింది. 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో చేతిగడియారాల తయారీ మొదలుపెట్టింది. జనతా, పైలట్, సోనా, కోహినూర్, కాంచన్ అనే పేర్లు మీలో చాలామందికి చుట్టాల పేర్లలాగే గుర్తుండి ఉంటాయి. ప్రొద్దుటూరులో మా నాన్నగారి తరంలో పెళ్ళికొడుక్కి వాచీ అంటే హెచ్.ఎం.టి.యే. విదేశీ వాచీల దిగుమతికి కట్టుబాట్లు, ఇక్కడేమో తయారయ్యేది తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. కాంచన్ మోడల్ కోసం అట్టపెట్టె మీద ఉన్న ధర కంటే అదనంగా ఇచ్చి కొన్నవాళ్ళు బోలెడుమంది. అది ఎవరూ కావాలని చేసిన కరువు కాదు, లైసెన్సుల కాలపు కరువు. 1984లో పుట్టిన టైటాన్, పక్కనే హోసూరులో ఫ్యాక్టరీ పెట్టి 1987 నుంచి క్వార్ట్జ్ వాచీలు అమ్మకానికి తెచ్చేసరికి ఆ కరువు తీరిపోయింది. దాంతోపాటు హెచ్.ఎం.టి. గిరాకీ కూడా తీరిపోయింది. ఏళ్ళతరబడి నష్టాలు. చివరికి 2016 జనవరిలో హెచ్.ఎం.టి. వాచెస్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

ఇక చూడండి చోద్యం! దుకాణంలో కుప్పగా ఉన్నన్నాళ్ళు ఎవరూ ముట్టుకోని వాచీ, ఇక రాదని తెలియగానే బంగారమైంది. మిగిలిన నిల్వలకోసం బెంగుళూరులో షోరూముల ముందు జనం బారులు తీరారు. మా బ్యాంకులోనే ఒకాయన మధ్యాహ్నం భోజనం మానేసి వెళ్ళి మూడు పట్టుకొచ్చాడు.

అయితే ఇక్కడ కామర్సు చదివినవాడు ఒక్క ప్రశ్న అడగాలి. హెచ్.ఎం.టి. తన జీవితకాలంలో పది కోట్లకు పైగా వాచీలు చేసింది. పది కోట్లు చేసిన వస్తువు అరుదైనది ఎట్లా అవుతుంది? కాదు. జనతా వాచీ అరుదు కాదు, మీ ఇంటి బీరువాలో కూడా ఒకటి ఉండే ఉంటుంది. అరుదైనది, నలభై ఏళ్ళు గడిచినా డయల్ మీద మరక పడకుండా, కంపెనీ ముళ్ళతో, పెట్టెతో, గ్యారంటీ కాగితంతో మిగిలిన జనతా. ఎంత చేశారన్నది కాదు, ఎంత మిగిలిందన్నది లెక్క. మోసం కూడా సరిగ్గా అక్కడే దూరింది. పాత వాచీల డయల్‌కి కొత్త రంగు వేసి, ఎర్రదీ నీలందీ పచ్చదీ చేసి, ఒక మోడల్ యంత్రం ఇంకొక మోడల్ డొక్కులో బిగించి ‘పాతకాలపు అసలు సరుకు’ అని అమ్ముతున్నారు. ఫ్యాక్టరీ ఎన్నడూ తియ్యని రంగుల్లో జనతాలు వస్తున్నాయి. కొనదలచినవాళ్ళు భూతద్దం పెట్టి డయల్ మీది అక్షరాలు చూడండి. ఫ్యాక్టరీ అచ్చు సన్నగా, అంచులు తేరి ఉంటుంది. రంగు వేసినదాంట్లో అక్షరం అలుక్కుపోయినట్టుంటుంది.

మన హైదరాబాదు ఆల్విన్ కూడా జపాను సీకో కంపెనీ సహకారంతో వాచీలు చేసింది. నేను చూసినంతలో వాటికి ఆ పాటి గిరాకీ లేదు. తక్కువ తయారయినా అడిగేవాడు లేకపోతే ధర లేదు. దీన్ని మాత్రం దాచుకునేవాళ్ళు ఎందుకో మరిచిపోతారు.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్న సంగతికి వస్తాను.

నందమూరి తారక రామారావుగారి శతజయంతి సందర్భంగా 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారు ఢిల్లీలో నూరు రూపాయల స్మారక నాణెం విడుదల చేశారు. కొట్టింది హైదరాబాదు టంకశాల. ఆ వారం అంతా మా బ్రాంచిలో తెలుగువాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. "సార్, రామారావు నాణెం మీ కౌంటరులో ఇస్తారా?" ఇవ్వరు. మామూలు నాణేలు రిజర్వు బ్యాంకు ద్వారా మా బ్యాంకులకి వస్తాయి. ఇలాంటి స్మారక నాణేలు చలామణీ కోసం కావు, టంకశాలే నేరుగా అమ్ముతుంది. కౌంటరులో దొరికే నూరు రూపాయల నాణెం అనుకుని వచ్చినవాళ్ళకి ధర చెబితే నోరు తెరిచేవారు. ప్యాకింగును బట్టి నాలుగు వేల నుంచి ఐదు వేల రూపాయల లోపు!

నూరు రూపాయల నాణేనికి నాలుగు వేలెందుకు? లెక్క చూద్దాం. నాణెం బరువు 35 గ్రాములు. అందులో సగం వెండి, నూటికి నలభై వంతులు రాగి, మిగతా పదిలో సగం నికెలు, సగం తుత్తునాగం. అంటే వెండి పదిహేడున్నర గ్రాములు. ఆ రోజుల్లో కిలో వెండి సుమారు 75 వేలు. కాబట్టి నాణెంలో వెండి విలువ సుమారు 1,300 రూపాయలు. మిగిలినదంతా అచ్చు, మెరుగు, పెట్టె, దానిమీది అభిమానం. 2025 చివరిలో వెండి కిలో లక్షన్నర దాటింది. ఆ లెక్కన చూసినా ఒక నాణెంలో వెండి 2,600 రూపాయలే. వెండి కోసం కొనేవాడు కంసాలి దగ్గర కొనుక్కోవడమే మేలు.

తొలివిడత సుమారు 12 వేల నాణేలు కొట్టారు. రెండు రాష్ట్రాల్లో, బెంగుళూరులో, మద్రాసులో, అమెరికాలో ఉన్న అభిమానులకి పన్నెండు వేలు ఏ మూలకి? హైదరాబాదులో కౌంటర్ల దగ్గర బారులు తీరారు. చూస్తుండగానే అయిపోయాయి. ఆ వెంటనే మన బ్లాకు టిక్కెట్టు కుర్రాడి కొత్త అవతారం బయల్దేరింది. ఏడువేలు, ఎనిమిదివేలు, ఆపైన చెప్పినవాళ్ళూ ఉన్నారు.

మా బ్లాకులో ఒక మాస్టారున్నారు. గుంటూరు జిల్లా హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, కొడుకు దగ్గర ఉంటున్నారు. ఒక సాయంత్రం ఫిక్సెడ్ డిపాజిట్ రసీదు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. మూడు లక్షలు. దాన్ని గడువుకి ముందే తీసి నలభై నాణేలు కొనాలని ఆయన ఆలోచన. ఎవరో ఒక్కొక్కటి ఏడువేల ఐదువందలకి ఇస్తానన్నాడట. మనవరాలి పెళ్ళినాటికి ఒక్కొక్కటి యాభై వేలు పలుకుతుందని కూడా ఆయనే చెప్పాడట.

"మాస్టారూ, లెక్కలు మీరు నాకు చెప్పాలి, నేను మీకు చెప్పడమేమిటి" అంటూనే కాగితం తీశాను. ఏడు శాతం వడ్డీకి మూడు లక్షలు పదేళ్ళలో ఆరు లక్షలవుతాయి. నలభై నాణేలు ఆరు లక్షలు కావాలంటే ఒక్కొక్కటి పదిహేను వేలకి అమ్ముడుపోవాలి. సరే, పోతుందనుకుందాం. ఎవరికి? ఒక నాణెం కొనే అభిమాని దొరుకుతాడు. నలభైకి నలభై మందిని వెతకాలి. లేదంటే వ్యాపారి దగ్గరికి పోవాలి. వ్యాపారి తాను పదిహేనుకి అమ్మేది మన దగ్గర పదికి కూడా కొనడు, అతనికీ ఇల్లు గడవాలి కదా. పైగా టంకశాల అచ్చు ఎక్కడికీ పోలేదు, గిరాకీ ఉంటే మళ్ళీ కొట్టదని ఎవరు పూచీ?

మాస్టారు శ్రద్ధగా విన్నారు. విని, "ఆఫీసరుగారూ, మీరెప్పుడైనా రామారావు సినిమా మొదటి ఆటకి వెళ్ళారా?" అన్నారు. చిన్నప్పుడు వెళ్ళానన్నాను. "మరి ఆ టిక్కెట్టు మీద వడ్డీ కట్టుకున్నారా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. కాని రసీదు మాత్రం ఆయన వెనక్కి తీసుకెళ్ళారు. తొలివిడత అయిపోయాక టంకశాల మళ్ళీ నాణేలు కొట్టింది. మాస్టారు అప్పుడు అసలు ధరకే రెండు తెప్పించుకున్నారు. ఒకటి మనవరాలికి, ఒకటి తనకి.

టంకశాల పద్ధతి కత్తులవాళ్ళ పద్ధతికి పూర్తి భిన్నం అని ఇక్కడ గమనించాలి. స్మారక నాణేలకి చాలాకాలంగా ఉన్న ఆచారం, ముందుగా గడువు పెట్టి బుకింగు తీసుకోవడం, అడిగినవాళ్ళ సంఖ్యను బట్టి కొట్టడం. అంటే గడువు దాకా సరఫరా రబ్బరులా సాగుతుంది, గడువు తర్వాత గోడ. నెహ్రూగారి పేరున 1964లో మొదలైన ఈ స్మారక నాణేల వరస 75, 90, 125, 150, చివరికి వెయ్యి రూపాయల నాణేల దాకా వచ్చింది. 2025 నవంబరులో పుట్టపర్తిలో సత్యసాయి శతజయంతి నాణెం కూడా విడుదలైంది. వరస పొడుగయిన కొద్దీ ఒక్కొక్కదాని అరుదుదనం తగ్గుతుందా, లేక పోగుచేసేవాళ్ళే పెరుగుతారా? ఇప్పటిదాకా రెండూ జరిగాయి. ఎవరి అభిమానులు వారికున్న నాణెం నిలబడింది, తక్కినవి నెమ్మదిగా పోతున్నాయి.

పిల్లలకి ఒక సరదా. మీ జేబులో ఉన్న రూపాయి నాణెం మీద సంవత్సరం అంకె కింద చూడమనండి. చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదులో కొట్టినది. వజ్రం ఆకారం ఉంటే బొంబాయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కలకత్తా.

మాస్టారి సంగతి సుఖాంతమే. సుఖాంతం కానిది ఒకటి చెప్పాలి.

మా బ్రాంచికి వచ్చే ఒక పూలమ్మి ఉంది. చింతామణి వైపు మనిషి, ఆ వైపు కమ్మని తెలుగు. ఒకరోజు కౌంటరు దగ్గర 6,800 రూపాయలు ఎవరికో పంపాలని తొందరపడుతోంది. ఎవరికమ్మా అంటే, "నా కాడ అమ్మవారి ఐదు రూపాయల బిళ్ళ ఉంది సార్. మా కొడుకు ఫోన్లో చూసినాడు, దానికి నాలుగు లచ్చలు ఇస్తారంట. ముందు జి.ఎస్.టి. కట్టల్లంట" అంది. 2012లో వైష్ణోదేవి ఆలయ బోర్డు రజతోత్సవానికి ఐదు, పది రూపాయల నాణేలు చలామణీ కోసమే విరివిగా వచ్చాయి. దానికి నాలుగు లక్షలు ఇచ్చేవాడు లేడు. అప్పటికే ‘రిజిస్ట్రేషను’ పేరుతో 1,250 కట్టేసిందామె. రిజర్వు బ్యాంకు బొమ్మ ఉన్న ఉత్తరం కూడా ఫోనులో చూపించింది. పాత నోట్లు, నాణేల అమ్మకాల్లో తనకేమీ సంబంధం లేదని, కమీషన్లు, చార్జీలు తాను ఎవరినీ అడగనని, తన తరఫున వసూలు చెయ్యమని ఎవరికీ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. కాని ఆ ప్రకటన పూలమ్మి దాకా ఎట్లా వస్తుంది? 6,800 ఆపగలిగాం. 1930 నంబరుకి ఫోను చేయించాం. ముందు కట్టిన 1,250 మాత్రం ఇంతవరకు రాలేదు. నాలుగు రోజుల పూల సంపాదన అది.

కొన్నవాటిని ఎలా దాచాలో కూడా రెండు మాటలు. మడత చాకైనా, వాచీ అయినా, నాణెమైనా పెట్టెతో, బిల్లుతో సహా ఉంచాలి. పెట్టె పోతే ధరలో పెద్ద ముక్క పోయినట్టే. నాణేన్ని వేళ్ళతో ముట్టుకోకూడదు, చెమట మరక తర్వాత పోదు. అన్నిటికంటే ముఖ్యం, దయచేసి చింతపండుతోనో, విభూతితోనో తోమకండి. వెండి గిన్నె తోమితే మెరుస్తుంది. అద్దంలా నునుపుచేసి కొట్టిన నాణేన్ని తోమితే సన్నని గీతలు పడతాయి. కొనేవాడు భూతద్దంలో మొదట చూసేది ఆ గీతల్నే.

ఈ సంగతి మా అమ్మకి చెప్పేలోపలే ఆలస్యమైంది. ఎనభై రెండేళ్ళ మనిషి. రామారావు అంటే ఆమెకి రామారావు కాదు, కృష్ణుడు. నేను తెప్పించిన రెండు నాణేల్లో ఒకదాన్ని ప్లాస్టిక్ డబ్బీలోంచి తీసి, పంచామృతంతో కడిగి, కుంకుమబొట్టు పెట్టి పూజగదిలో వెంకటేశ్వరస్వామి పటం పక్కన నిలబెట్టింది. మా మేనల్లుడు చూసి "అవ్వా, నాలుగు వేలు పాయె" అన్నాడు. "ఏంటికి పోతాది రా, ఈడే ఉండాది కదా" అంది. రెండోది మా అన్నయ్య కూతురికి ఇస్తానన్నాను. అది బ్యాంకు లాకరులో, సీలు విప్పకుండా ఉంది.